టైర్లో గాలి తీసెయ్యండి గురూ! భీమిలి మట్టి దార్లలో గ్రావెల్ సైకిల్

(ముందు చక్రం క్లోజప్. వెనక తాటిచెట్లు, ఇంకా పూర్తిగా తెల్లారలేదు)

ఈ టైరుని బొటనవేలితో నొక్కుతున్నా చూడండి, లోపలికి దిగుతోంది కదా? ఇది చూసి "గాలి తక్కువుంది బాబూ, కొట్టించుకో" అని ఎంతమంది చెప్పారో లెక్కే లేదు. మంచి మనసుతోనే చెప్తారు, కాదనను. కానీ ఈ ఒక్క మాట పట్టుకుని గ్రావెల్ సైకిల్ కొన్నవాళ్ళు టైర్లు రాయిలా కొట్టించుకుని, మొదటి రైడ్‌కే చేతులు తిమ్మిరెక్కి నడుం పట్టేసి, "మన దార్లకి ఇవి పనికిరావండీ" అని అమ్మకానికి పెట్టేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన దార్ల కోసమే పుట్టినట్టుండే బండి అది.

గ్రావెల్ సైకిల్ అంటే మట్టీ రాళ్ళూ ఉన్న దార్లలో తొక్కడానికి లావు టైర్లతో చేసిన సైకిల్, అంతకన్నా చెప్పి మీ టైమ్ తినను. అసలు గ్రావెల్ అన్న మాటే మనకి కొత్త కాదు, ఊళ్ళో పంచాయతీ రోడ్డుకి "గ్రావెల్ తోలారు" అంటాం కదా, ఎర్రమట్టీ చిన్నరాళ్ళూ కలిసి ఉండేది, అదే ఇది, విశాఖ నుంచి భీమిలి వెళ్ళే వైపు నేను నిలబడ్డది దాని మీదే. ఎడం పక్క బావికొండ వైపు కొండలు, కుడి పక్క సముద్రం, ముందు భీమిలి.

సరే, గాలి సంగతి. నాకు ఇది అర్థమైంది సైకిల్ షాపులో కాదు, మా ఊళ్ళో ఎడ్లబండి దగ్గర. పాత బళ్ళు గుర్తున్నాయా, చెక్క చక్రం, చుట్టూ ఇనప పట్టా? ఆ తర్వాత టైరు బళ్ళు వచ్చాయి, లారీల కిందో కార్ల కిందో అరిగిపోయిన టైర్లు తెచ్చి బండికి బిగించేవాళ్ళు. మా వీధిలో ఒక తాత రెండూ తోలాడు. ఏం తేడా తాతా అని అడిగితే, "ఇనప సక్రం ఇసకలో దిగబడిపోద్ది బాబూ, టైరయితే తేలిపోద్ది, ఎడ్లకి సుకం" అన్నాడు. ఇంతకన్నా బాగా ఏ ఇంజనీరూ చెప్పలేదు నాకు. తేలిపోద్ది. ఈ వీడియో అంతా ఆ ఒక్క మాటే.

ఎందుకు తేలుతుందో చూద్దాం. నేనూ సైకిలూ కలిసి 80 కిలోలు అనుకోండి, చక్రానికి సుమారు 40 (వెనక కొంచెం ఎక్కువే పడుతుంది, లెక్క తేలిగ్గా ఉండటానికి సగం సగం అంటున్నా). టైర్లో 60 పీఎస్ఐ (పంపు మీద గాలి ఒత్తిడి చూపించే లెక్క) ఉంటే అది చదరపు సెంటీమీటరుకి 4.2 కిలోలు, అంటే 40 కిలోలు మొయ్యాలంటే నేలకి తొమ్మిదిన్నర చదరపు సెంటీమీటర్ల టైరు ఆనితే చాలు. 30 పీఎస్ఐ పెడితే? ఆనే జాగా 19కి పోతుంది. గాలి సగం, జాగా రెట్టింపు. మొదటిది అగ్గిపెట్టెలో సగం, రెండోది సుమారు అగ్గిపెట్టె అంత. ఆ 40 కిలోలూ అగ్గిపెట్టెలో సగం మీద మోపితే ఇసక ఏం చేస్తుంది, విడిపోతుంది, చక్రం దిగిపోతుంది. అదే ఇనప చక్రం బండి. మీరు టైరు కొనుక్కుని, దాన్లో గాలి దట్టించి, మళ్ళీ ఇనప చక్రం చేసుకుంటున్నారు!

"ఇసకలో సరేనండీ, గట్టి నేల మీద గాలి ఎక్కువుంటేనే కదా స్పీడు?" ఈ ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతారు. నున్నటి తారు మీద చాలావరకు నిజమే. కానీ ఇక్కడ చూడండి.

(కెమెరా కిందికి. రేక్కాయంత రాయి. ముందు 60లో, తర్వాత 30లో చక్రం దాని మీదుగా మెల్లగా దొర్లుతుంది)

60లో చక్రం రాయి ఎక్కింది, దాంతో హ్యాండిలూ నా భుజాలూ అన్నీ లేచాయి, మళ్ళీ దబ్బున పడ్డాయి. 80 కిలోల్ని రేక్కాయంత ఎత్తు ఎత్తడానికి శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? నా కాళ్ళలోంచే. ముందుకి పోవాల్సిన శక్తి పైకి పోయింది, కొంత నా చేతుల్లో కండరాల వణుకుగా పోయింది, ఆ వణుకుతోనే మీ చేతులు తిమ్మిరెక్కేది. ఇప్పుడు 30లో చూడండి, టైరు రాయిని మింగేసింది, హ్యాండిల్ కదిలీ కదలనట్టుంది. కిలోమీటరుకి ఇలాంటి రాళ్ళు ఎన్ని వందలుంటాయో మీరే లెక్కేసుకోండి. తాత అన్న "ఎడ్లకి సుకం" ఇదే, ఇక్కడ ఎడ్లు మన కాళ్ళు. సుఖంగా ఉంది కాబట్టి స్లోగా ఉందని మనకి అనిపిస్తుంది, గడగడలాడుతుంటే స్పీడుగా పోతున్నట్టు ఉంటుంది, రెండూ భ్రమే.

అసలు గాలి టైరు పుట్టిందే ఇందుకు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కి గాలి రబ్బరు గొట్టం చుట్టాడు, పిల్లాడు రాళ్ళ మీద తొక్కుతుంటే కుదుపులు తగ్గాలని. రేసు గెలవాలని కాదు. తర్వాత గెలుపులూ వచ్చాయనుకోండి.

నా సంగతీ చెప్తా. మొదటిసారి ఈ దారికి వచ్చినప్పుడు ఒక షాపులో 60 కొట్టి పంపించారు, నాకూ తెలీదు, హుషారుగా బయల్దేరా. తొట్లకొండ దాటేసరికే అరచేతులు మొద్దుబారాయి. సరుగుడు తోటల్లో ఇసక రాగానే ముందు చక్రం నిలువునా దిగి, సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది. అక్కడే కూర్చుని వాల్వ్ నొక్కి అంచనాగా సగం గాలి తీసేశా, అదే ఇసక, అదే నేను, దాటేశా. ఆ రోజు తాత గుర్తొచ్చాడు.

మరి ఎంత పెట్టాలి? 40 మిల్లీమీటర్ల టైరు, మనిషి 70 కిలోలు, లోపల ట్యూబు ఉంటే ముందు 35, వెనక 38 దగ్గర మొదలెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే 28, 31. ఇవి వేదవాక్కులు కావు, మొదలుపెట్టడానికి మాత్రమే, అక్కణ్ణుంచి రెండేసి తగ్గిస్తూ చూడండి. రాయి తగిలినప్పుడు రిమ్ము "టక్" మంటే మరీ తగ్గించేశారు, రెండు పెంచండి. ట్యూబు ఉన్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్త, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా. బండి టైరుకైనా అంతే, గాలి మరీ పోతే ఇరుసు మీద బరువు రిమ్ముకి దిగుతుంది. పదిహేను వందల రూపాయల షర్టు కొనే బదులు గేజ్ ఉన్న పంపు కొనండి, నిజంగా చెప్తున్నా.

ఎండ ఎక్కేస్తోంది, కెమెరా బ్యాటరీ కూడా ఎర్రగా అయింది, కాస్త తొందరగా చెప్పేస్తా.

తొట్లకొండకి తారు రోడ్డు మీదే ఎక్కండి. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉన్నాయి, ఆ పేరు అందుకే వచ్చింది, రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువులు వాన నీళ్ళు పట్టుకున్నవి. సైకిల్ బయట పెట్టి నడవండి. స్తూపం దగ్గర నిలబడితే సముద్రం కనపడుతుంది, ఎంత ఆయాసపడి వచ్చినా పోతుంది.

ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం సైకిల్ తీసుకెళ్ళకండి. దండం పెట్టి అడుగుతున్నా. అది రాయి కాదు, గాలీ సముద్రమూ వేల ఏళ్ళ పాటు పోగేసిన ఇసక. మన టైరు గాడి పడితే తర్వాతి వానకి నీళ్ళు ఆ గాడిలోంచే దిగుతాయి, ఏడాదికి అది చిన్న వాగవుతుంది. గాలి తీసిన టైరు తేలుతుందని ఇప్పటిదాకా నేనే చెప్పా కదా, అక్కడ తేలినా తప్పే. జియలాజికల్ సర్వే వాళ్ళు భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, అక్కడ రీల్స్ కోసం తొక్కేవాళ్ళని చూస్తే కడుపు రగిలిపోతుంది.

బీచ్ మీద తొక్కాలంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడి పట్టీ మీద పోండి, తడి ఇసక రేణువుల్ని నీళ్ళు పట్టి ఉంచుతాయి, చక్రం దిగదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పైనున్న పొడి ఇసక జోలికి వెళ్ళొద్దు, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేది అక్కడే. ఇంటికెళ్ళగానే మంచినీళ్ళతో చైను కడిగి నూనె వెయ్యండి, ఉప్పు ఒక్క రాత్రి చాలు తుప్పు పట్టించడానికి.

ఇసకలో హ్యాండిల్ బిగించి పట్టుకోవద్దు, సీటు మీదే కూర్చుని బరువు వెనక్కి, తేలిక గేరు, తొక్కుతూనే ఉండండి, బ్రేకు వద్దు. దీని మీద ఇంకో వీడియో చేస్తా, ఇవాళ కుదరదు.

భీమిలిలో డచ్ వాళ్ళ సమాధులు చూడటం మర్చిపోకండి, 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి ఇక్కడే పోయినవాళ్ళవీ ఉన్నాయి, కొన్ని పిరమిడ్‌లా కూచిగా ఉంటాయి. అక్కణ్ణుంచి గోస్తనీ వంతెన దాటితే సరుగుడు తోటలు, ఇసక.

(వాల్వ్ మూత తీస్తాడు. "స్‌స్‌స్" శబ్దం)

నేను ఇంకో మూడు తీసేస్తున్నా. తిరిగి తారెక్కాక మళ్ళీ కొట్టుకుంటా. బ్యాటరీ అయిపోయిం...