రాకాల్: సముద్రం ఇచ్చిన శీతోష్ణస్థితి మాత్రమే ఉన్న ద్వీపం

నమస్కారం. జనవాసం లేని, వాతావరణ కేంద్రం లేని ఒక చిన్న ద్వీపం ఎలా ఉంటుందో, అక్కడ చలి, గాలి, వాన ఎలా ఉంటాయో పటాల సాయంతోనే తెలుసుకోవడం ఈ వీడియోలో నేర్చుకుందాం. ఉదాహరణగా ఉత్తర అట్లాంటిక్‌లోని రాకాల్‌ను తీసుకుంటున్నాను. నాకు చాలా ఇష్టమైన చోటు ఇది.

ఉపగ్రహ పటం తెరిచి, వెతికే పెట్టెలో 57.596, ఆ తర్వాత మైనస్ 13.687 అని ఇవ్వండి. మైనస్ గుర్తు మరిచిపోతే స్వీడన్‌లో తేలతారు. సరిగా ఇచ్చారా? తెరంతా నీలమే కనబడుతుంది. ఇప్పుడు నెమ్మదిగా వెనక్కి జరగండి. తూర్పున దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో సెయింట్ కిల్డా దీవులు వస్తాయి. రాకాల్‌కు అన్నిటికంటే దగ్గరి నేల అదే. వాటిలోనూ ఎవరూ స్థిరంగా నివసించరు. ఇంకా తూర్పుకు వెళ్తే స్కాట్లాండ్.

కొలతలు చూద్దాం. అడుగున సుమారు 31 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, సముద్రమట్టం నుంచి 17 మీటర్ల ఎత్తు. రెండు బాస్కెట్‌బాల్ మైదానాలంత చోటు కూడా లేదు. అందులోనూ చదునుగా ఉన్నది శిఖరానికి నాలుగు మీటర్ల దిగువన ఉన్న ఒక చిన్న అరుగు. దాని పేరు హాల్స్ లెడ్జ్. మూడున్నర మీటర్ల పొడవు ఉంటుంది, అంతే. మిగతాదంతా నిలువు గ్రానైట్.

ఇప్పుడు సముద్రగర్భపు లోతులు చూపే పటానికి మారండి. అసలు భౌగోళిక స్వరూపం ఇక్కడ తెలుస్తుంది. రాకాల్ చుట్టూ లేత రంగులో పరుచుకున్నది రాకాల్ బ్యాంక్ అనే మెరక. దానికీ స్కాట్లాండ్‌కూ మధ్య ముదురు నీలంలో ఉన్నది రాకాల్ ట్రఫ్ అనే లోయ. రెండు కిలోమీటర్ల లోతు దాటిన చోట్లు అందులో ఎన్నో ఉన్నాయి. ఐదు కోట్ల సంవత్సరాలకు పైగా వెనక్కి వెళ్తే, ఈ గ్రానైట్ ఒక అగ్నిపర్వతం లోపల చల్లబడిన శిలాద్రవం. పైనున్న పర్వతం అరిగిపోయి ఈ కొన మిగిలింది.

ఇక శీతోష్ణస్థితి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. పెద్ద ద్వీపం తన వాతావరణాన్ని కొంతవరకు తానే తయారు చేసుకుంటుంది. పగలు నేల వేడెక్కుతుంది, కొండలు గాలిని పైకి నెడతాయి, మేఘాలు పుడతాయి. 17 మీటర్ల రాయికి ఆ శక్తి లేదు. కాబట్టి ఇక్కడి ఉష్ణోగ్రత తెలియాలంటే సముద్రపు పైపొర ఉష్ణోగ్రత పటం తెరవాలి. చలికాలం చివర కూడా ఆ నీరు 9 డిగ్రీల దగ్గర ఉంటుంది, వేసవిలో 13, 14 డిగ్రీలు. ఏడాది మొత్తంలో తేడా ఐదు డిగ్రీలే! గాలి ఉష్ణోగ్రత కూడా ఆ నీటిని అనుసరించే నడుస్తుంది.

ఇప్పుడు దాదాపు అదే అక్షాంశం మీద పడమటికి వెళ్లి, కెనడాలో లాబ్రడార్ తీరాన ఉన్న నయిన్‌ను చూడండి. అక్కడ చలికాలంలో సముద్రమే గడ్డకడుతుంది. సూర్యకాంతి రెండు చోట్లా ఇంచుమించు సమానమే. తేడా ప్రవాహాలది, గాలులది. రాకాల్‌కు ఉత్తర అట్లాంటిక్ ప్రవాహం నైరుతి నుంచి వెచ్చని నీటిని తెస్తుంది, పడమటి గాలులు ఆ నీటి మీదుగానే వీస్తాయి. నయిన్ పక్కనుంచి ధ్రువపు చలినీరు దక్షిణానికి పారుతుంది.

చలి పెద్దగా లేదు కదా అని రాకాల్‌ను సౌమ్యమైన చోటు అనుకోకండి. అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటి ఈ దారినే పోతాయి. అడ్డుపడే నేల లేక, అలలు వేల కిలోమీటర్లు పెరుగుతూ వస్తాయి. 2000 ఫిబ్రవరి 8న ఈ ప్రాంతపు సముద్రంలో డిస్కవరీ అనే పరిశోధన నౌక అడుగు నుంచి కొన వరకు 29.1 మీటర్లున్న అలను నమోదు చేసింది. ఆనాటి గాలి సగటు వేగం సెకనుకు 21 మీటర్లే. అయితే ఆ గాలులున్న తుఫానూ అలలూ ఒకే వేగంతో కలిసి సాగడంతో, అలలకు దారి పొడవునా శక్తి అందుతూనే ఉంది.

మట్టి నిలవదు, మంచినీటి ఊట లేదు. ఫుల్మార్, గానెట్ వంటి సముద్రపక్షులు వేసవిలో వాలతాయి. గూడు పెట్టినా అలలు తరచూ కడిగేస్తాయి. 2014లో నిక్ హాంకాక్ అనే సాహసయాత్రికుడు 60 రోజులు ఉండాలని ఇక్కడికి వచ్చాడు. నడివేసవిలోనే తుఫాను అతని సామగ్రిలో కొంత తుడిచిపెట్టడంతో 45 రోజులకు దిగిపోయాడు. ఆ పట్టుదల నాకు నిజంగా గొప్పగా అనిపిస్తుంది.

చట్టం మాట క్లుప్తంగా. బ్రిటన్ 1955లో రాకాల్‌ను తనదిగా ప్రకటించుకుంది. అయితే మనుషుల నివాసానికి పనికిరాని రాళ్లకు 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలం (చేపలు, ఖనిజాల వంటి వనరులపై ఆ దేశానికే హక్కుండే సముద్ర భాగం) వర్తించదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం చెబుతుంది. 1997లో ఆ ఒప్పందంలో చేరుతూ, రాకాల్ నుంచి లెక్కగట్టిన మత్స్య మండలాన్ని బ్రిటన్ వదులుకుంది.

ఇక మీరు చేయాల్సిన పని. బ్రిటన్ వాతావరణ శాఖ నావికుల కోసం ఇచ్చే సూచనలో రాకాల్ పేరిట ఒక సముద్ర విభాగం ఉంది. వారం పాటు అందులోని గాలి దిశ, గాలి బలం రాసుకోండి. దాని పక్కన అదే రోజు పీడన పటంలో అల్పపీడనం ఎక్కడుందో గుర్తించండి. గాలి నైరుతి నుంచి వాయవ్యానికి మళ్లిన రోజున ఆ అల్పపీడనం రాకాల్‌కు ఏ వైపు నుంచి దాటిపోయిందో కామెంట్‌లో రాయండి.