హెచ్‌డీఆర్‌కి ఏ సాఫ్ట్‌వేర్? ఉండవల్లి గుహల్లో తీసిన మూడు ఫొటోలతో పరీక్ష

అందరికీ నమస్కారం. ఈ వీడియో కోసం మొన్న ఆదివారం బెజవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకి వెళ్లొచ్చాను. ముందు ఈ ఫొటో చూడండి. పై అంతస్తులో శయనించి ఉన్న అనంత పద్మనాభస్వామి. స్వామి ముఖం కనపడేలా తీస్తే బయట ఎండంతా తెల్లగా పేలిపోయింది. బయటికి తగ్గట్టు తీస్తే స్వామి చీకట్లో కలిసిపోయాడు. మన కంటికి రెండూ కనపడుతున్నాయి, కెమెరాకేమో ఒక్క షాట్‌లో అందడం లేదు.

అందుకే మూడు తీశాను. ఇలా వేరువేరు వెలుగుల్లో తీసిన ఫొటోల్ని ఒక్కటిగా కలపడమే హెచ్‌డీఆర్. ఒకటి మామూలుగా, ఒకటి రెండు స్టాపులు తక్కువ, ఇంకోటి రెండు స్టాపులు ఎక్కువ. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు, తగ్గితే సగం. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే విడిగా అనుమతి కావాలి, కాబట్టి చేత్తో పట్టుకునే గబగబా మూడూ కొట్టాను. అదే సమయానికి ఒకావిడ స్తంభాల మధ్య నుంచి నడిచి వెళ్లారు. ఆవిడ ఎర్ర చీర కొంగు మూడు ఫొటోల్లో మూడు చోట్ల ఉంది. నిజం చెప్పాలంటే అదే మనకి మంచి పరీక్ష అయింది.

మొదట లైట్‌రూమ్. 2015 నుంచి ఇందులో హెచ్‌డీఆర్ మెర్జ్ ఉంది. మూడూ సెలెక్ట్ చేసి కంట్రోల్ హెచ్ నొక్కితే చాలు. వచ్చేది డీఎన్‌జీ ఫైల్, అంటే రా ఫైల్‌లాగే (కెమెరా సెన్సర్ నుంచి వచ్చిన అసలు డేటా) ఎడిట్ చేసుకోవచ్చు. ఫొటో వెలుగు పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ స్లైడర్ మామూలుగా అయిదు దాకా వెళ్తుంది కదా, ఇందులో పది దాకా వెళ్తుంది. రాయి రంగు రాయిలాగే ఉంది, నాకు చాలా నచ్చింది. ఇప్పుడు కొంగు దగ్గర జూమ్ చేస్తున్నాను. కదిలినవాటి మరకలు తీసేసే డీఘోస్ట్‌ని హైలో పెడితే నీడలాంటి మరకలు పోయాయి. కానీ ఆ చుట్టుపక్కల నల్లటి భాగంలో గింజలు గింజలుగా నాయిస్ వచ్చింది, చూశారా? ఆ ముక్క వరకు ఒక్క ఫొటో నుంచే తీసుకుంటుంది, అందుకే.

రెండోది ఫొటోమాటిక్స్. ఇందులో కొంగు చుట్టూ గీత గీసి, ఈ భాగానికి ఏ ఫొటో వాడాలో మనమే చెప్పొచ్చు. ఎక్కువ ఎక్స్‌పోజర్ ఉన్నది ఎంచుకున్నాను, ఆ మూల శుభ్రంగా వచ్చింది. ఈ ఒక్క పనికే దీనికి డబ్బు పెట్టొచ్చని నా అభిప్రాయం. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. స్ట్రెంగ్త్ స్లైడర్ ఎక్కువ పెడితే స్తంభాల అంచుల వెంట తెల్లటి వెలుగు గీత వస్తుంది, దాన్నే హేలో అంటారు. అది కనపడగానే వెనక్కి తగ్గించండి. ట్రయల్‌కి గడువు లేదు, ఫొటో మీద వాటర్‌మార్క్ వేస్తుంది, అంతే. తొందరపడి కొనకండి.

మూడోది ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. టోన్ మ్యాపింగ్‌కి, అంటే కలిపిన ఫొటోలోని వెలుగు చీకట్లని తెరమీద కనపడేలా సర్దడానికి, ఫట్టాల్, మాంటియుక్, రైన్‌హార్డ్ అని బోలెడు పద్ధతులున్నాయి, అవన్నీ వాటిని కనిపెట్టిన పరిశోధకుల పేర్లే. ఫట్టాల్‌తో రాతి మీద ప్రతి ఉలిదెబ్బా లేచొచ్చింది, స్వామి ముఖంలో ఉన్న ప్రశాంతత పోయింది. రైన్‌హార్డ్‌తో మెత్తగా వచ్చింది, నేనైతే అదే ఉంచుకుంటాను. కొంగు మాత్రం సరిగ్గా రాలేదు.

ఇప్పటికే లైట్‌రూమ్‌కి నెలనెలా కడుతున్నవాళ్లు వేరేది కొనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ లోపలి ఫొటోలు, గుళ్లు, జనం తిరిగే చోట్లు రోజూ తీసేవాళ్లకి ఫొటోమాటిక్స్. చదువుకునే పిల్లలు ల్యూమినెన్స్‌తో మొదలుపెట్టండి, టోన్ మ్యాపింగ్ అంటే ఏంటో చేతికి తెలుస్తుంది.

ఈ మూడు రా ఫైళ్ల లింక్ కింద పెట్టాను, ఆవిడ ముఖం ఎక్కడా కనపడదు. మీ లాప్‌టాప్‌లో వేసి, మొదట ఆ కొంగు దగ్గరే జూమ్ చేయండి.