ముసలిదైపోయిందని వదిలేసే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులన్నీ మానుకుని ఇక్కడికి వచ్చారంటే కుక్కల మీద మీకెంత ప్రేమో తెలుస్తూనే ఉంది. అందుకే ప్రేమ గురించి కాకుండా పని గురించి మాట్లాడతాను. ఒంట్లో బాగాలేని ముసలి కుక్కను షెల్టర్ నుంచి తెచ్చుకుని, దానికో శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా మనింట్లో పెట్టుకోవడమంటే రోజూ ఏం చేయాలి, ఏం చూడాలి అన్నదే నేను చెప్పబోయేది.

హైదరాబాద్‌లో నేను చూసిన ముసలి రెస్క్యూ కుక్కల్లో చాలావరకు ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగినవే. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, పామరేనియన్లు. ఏ ఫ్లైఓవర్ కిందో, షెల్టర్ గేటు ముందో దొరుకుతాయి. మెడ చుట్టూ పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు ఊడిన గుర్తు ఇంకా అలాగే ఉంటుంది. పెంచుకున్న జంతువును ఇలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కానీ తొలిసారి పట్టుబడితే వేసే జరిమానా 50 రూపాయలు దాటదు. ఇన్నేళ్లయినా ఆ అంకె మారకపోవడం నాకు బాధగానే ఉంటుంది, కోపంగానూ ఉంటుంది.

షెల్టర్‌లో పనిచేసేవాళ్లు నిద్రాహారాలు మాని చూసుకుంటారు, అందులో సందేహం లేదు. కానీ అక్కడ నీళ్లతొట్టి అన్నిటికీ ఒకటే. ఏ కుక్క ఎంత తాగిందో, ఏది అన్నం సగంలో వదిలేసిందో, ఏది రాత్రంతా నిద్రపోకుండా తిరిగిందో ఎవరు గమనించగలరు? పైగా కుక్క నొప్పిని దాచుకుంటుంది. చుట్టూ పది కుక్కలుంటే మరీ దాచుకుంటుంది. కాబట్టి ముసలి కుక్కకు మనమిచ్చేది గూడు ఒక్కటే కాదు. దాని జబ్బేమిటో బయటపడేది కూడా మనింట్లోనే. డాక్టరుగారు చూసేది పావుగంట. మిగతా రోజంతా చూసేది మనమే.

నీళ్ల దగ్గర మొదలుపెడతాను. పొద్దున కొలపాత్రతో కొలిచి గిన్నెలో పోయండి. మర్నాడు పొద్దున మిగిలింది కొలిచి తీసేయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే దాన్ని మామూలు దాహం అనుకోకూడదు. అంటే పాతిక కిలోల లాబ్రడార్ రెండున్నర లీటర్లు దాటిందంటే డాక్టరుకు చెప్పాల్సిందే. కిడ్నీలు కావచ్చు, షుగర్ కావచ్చు, హార్మోన్ల తేడా కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కయితే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. అదే అయితే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కిడ్నీల సంగతి ఇంకో రకం. అవి దాదాపు మూడొంతులు దెబ్బతిన్నాక గానీ రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగదు. దానికంటే ముందే గిన్నెలో నీళ్లు తగ్గడం మొదలవుతుంది. ఇక కిడ్నీ జబ్బు ఉందని తేలాక బలం వస్తుందని మాంసం, కాలేయం దండిగా పెట్టకండి. వాటిలోని భాస్వరాన్ని ఆ కిడ్నీలు బయటికి పంపలేవు.

మా ఇంటికి జూలీ అని ఒక లాబ్రడార్ వచ్చింది. మూతి మొత్తం నెరిసిపోయింది. పెరుగన్నం తింటుంది, చపాతీ పెడితే వాసన చూసి వదిలేస్తుంది. చూసినవాళ్లందరూ వయసైపోయింది, ఆకలి చచ్చిపోయిందన్నారు. కానీ దాని ఎదురుగా కింద కూర్చుని చూస్తే ఒక సంగతి కనిపించింది. ముద్ద నోట్లోకి తీసుకోగానే తల కుడివైపుకు వంచేది. ముద్దను అటు పక్కకు జార్చుకుని, నమలకుండానే మింగేసేది. ఎడమ దవడ మీద చెయ్యి వేయబోతే మొహం తిప్పుకునేది. పెదవి పైకెత్తి చూస్తే వెనక పెద్ద పన్ను చీలి ఉంది, చిగురు నల్లబడింది, చీము వాసన. ముందు రక్తపరీక్షలు చేసి, గుండె, కిడ్నీలు మత్తుకు తట్టుకుంటాయని తేల్చుకున్నాకే డాక్టరుగారు ఆ పన్ను తీశారు. పుండు మానాక జూలీ చపాతీలు తినడమే కాదు, వంటింటి గుమ్మంలో కూర్చుని ఇంకోటి అడిగేది. ఇంట్లోవాళ్లను చూసి గుర్రుమనడం కూడా పోయింది. దాని కోపమంతా పంటి నొప్పే.

కీళ్లదీ ఇదే కథ. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ నున్నగా మెరుస్తుంటాయి. వెనక కాళ్లలో పట్టు తగ్గిన కుక్కకు ఆ నేల మీద లేచి నిలబడటమే గండం. పడక నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి గుమ్మం దాకా గోనెసంచులో, పాత యోగా మ్యాట్‌లో పరిచి చూడండి. నడవలేదనుకున్న కుక్క దానంతట అదే లేచి వస్తుంది. బరువు తగ్గించడం మందుతో సమానం. చూపు మందగించిన కుక్క ఇంట్లో ఉంటే మాత్రం సోఫాలు, కుర్చీలు జరపకండి.

నొప్పి తగ్గుతుందని మన ఇంట్లో ఉండే మాత్రలు వేయకండి. దయచేసి వేయకండి. ఐబూప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెడుతుంది, కిడ్నీలను పాడుచేస్తుంది. పారాసిటమాల్ కూడా మనంతట మనం ఇచ్చేది కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. దురద తగ్గడానికి ఇదివరకు ఎవరో స్టెరాయిడ్ సూది వేయించి ఉంటారు. ఆ సంగతి తెలియక నొప్పి మందు మొదలుపెడితే రెండూ కలిసి కడుపులో రక్తస్రావం కావచ్చు. అందుకే షెల్టర్ నుంచి వచ్చేటప్పుడు పాత చీటీలు ఏమున్నా అడిగి తీసుకోండి, నలిగిపోయినా సరే.

పామరేనియన్ లాంటి చిన్నజాతి కుక్కలకు వయసు మీదపడితే గుండె కవాటం వదులవుతుంది. దగ్గు వస్తే జలుబనుకుంటాం. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టుకుని ఛాతీ ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టండి. 30 దాటుతూ ఉంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. నడుస్తున్నప్పుడో, ఎండలో ఉన్నప్పుడో లెక్కపెడితే ఆ అంకె దేనికీ పనికిరాదు. పిడుదుల జ్వరం గురించి మీకు తెలిసే ఉంటుంది. ముక్కు నుంచి రక్తం కారినా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా ఆగకుండా తీసుకెళ్లండి.

డబ్బు సంగతి మొహమాటపడకుండా ముందే మాట్లాడుకోండి. మందులు ఎవరు కొంటారు, అర్ధరాత్రి అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెట్టాలి అన్నవి కాగితం మీద ఉండాలి. స్తోమత లేనివాళ్లకు ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. నారాయణగూడలో ఉన్నది సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రే. అపార్ట్‌మెంట్‌లో కుక్కను లిఫ్ట్ ఎక్కనివ్వం అని ఎవరైనా అంటే, పెంపుడు కుక్కలకు లిఫ్ట్ కాదనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చిందని నెమ్మదిగా చెప్పండి. ఇరుగుపొరుగుతో గొడవ పెట్టుకుంటే కుక్కకే ఇబ్బంది.

ఇక కష్టమైన మాట. కొన్ని కుక్కలు మన ఇంట్లోనే పోతాయి. అది మనం ఓడిపోవడం కాదు. ఎప్పటిదాకా వైద్యం చేయాలి, ఎప్పుడు నొప్పి లేకుండా సాగనంపాలి అన్నది డాక్టరుగారితో, షెల్టర్‌వాళ్లతో కుక్క కాస్త బాగున్నప్పుడే మాట్లాడుకోవాలి. దాని ప్రాణం మీదికి వచ్చిన రాత్రి మన బుర్ర పనిచేయదు. రోజూ నోటుబుక్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: తిన్నదా, తనంతట తాను లేచిందా, పడక తడిపిందా, తోక ఊపిందా. వారాల తరబడి రాసిన ఆ పేజీలు ఒకసారి తిరగేస్తే కుక్క పరిస్థితి ఎటు పోతోందో తెలుస్తుంది. అది కోలుకుని వేరే ఇంటికి వెళ్లే రోజు వస్తే, ఆ నోటుబుక్కును దానితోపాటే ఇచ్చేయండి. మనం కళ్లారా చూసి తెలుసుకున్నదంతా కొత్తవాళ్లు మళ్లీ మొదటినుంచి వెతుక్కునే పని ఉండదు.

బయట బల్ల మీద పత్రాలున్నాయి. నింపేటప్పుడు రాత్రిపూట ఎవరు లేవగలరో, ఎన్నో అంతస్తులో ఉంటారో తప్పక రాయండి. ఏ కుక్కను ఏ ఇంటికి పంపాలో వాటిని బట్టే చూస్తాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.