పిరమిడ్‌లో కోణాలు ఎన్ని? అట్ట, కత్తెరతో తేల్చేద్దాం

[దృశ్యం: విశాఖ ఆర్కే బీచ్, ఉదయం. పిట్టగోడ మీద అట్టతో చేసిన పిరమిడ్లు, కత్తెర, టేపు, కోణమానిని. గాలికి ఎగిరిపోకుండా అట్టల మీద రాళ్లు.]

నమస్తే అండీ! పిరమిడ్‌లో కోణాలెన్ని అని అడిగితే చాలామంది ఠక్కున "ఐదు" అంటారు. ఈజిప్టు పిరమిడ్‌ని తలచుకుని మూలలు లెక్కపెట్టేస్తారన్నమాట. కోణాలు లెక్కపెట్టాలంటే ముందు దీన్ని విప్పాలి.

[దగ్గరగా: టేపు ఊడదీసి అట్టను పరుస్తారు.]

మధ్యలో చతురస్రం, చుట్టూ నాలుగు త్రిభుజాలు. ఒక్కో త్రిభుజానికి మూడు చొప్పున 12, చతురస్రంలో 4. మొత్తం 16.

అడుగు త్రిభుజమైతే 12, పంచభుజి అయితే 20, షడ్భుజి అయితే 24. అడుగున ఎన్ని భుజాలుంటే వాటికి నాలుగు రెట్లు. ప్రతి భుజం మీదా ఒక త్రిభుజం నిలబడుతుంది కాబట్టి మూడు కోణాలు, అడుగులో ఇంకొకటి. ఇది పట్టుకుంటే బట్టీ పట్టే పనే లేదు.

ఇప్పుడు మళ్లీ మడుస్తాను. చూశారా, కొత్త కోణాలు వచ్చాయి! రెండు ముఖాలు కలిసే ప్రతి అంచు దగ్గరా, సగం తెరిచిన పుస్తకంలా ఒక కోణం ఉంది. చతురస్ర పిరమిడ్‌కి ఎనిమిది అంచులు, కాబట్టి ఇవి ఎనిమిది. గిజా మహా పిరమిడ్ అడుగు భుజం సుమారు 230 మీటర్లు, కట్టినప్పటి ఎత్తు సుమారు 146 మీటర్లు. దాని ముఖం నేలతో చేసే కోణం దాదాపు 52 డిగ్రీలు. పరిచిన అట్ట మీద ఈ 52ని ఎంత వెతికినా దొరకదు, మడిచాకే పుడుతుంది.

[దగ్గరగా: ఆరు సమబాహు త్రిభుజాలు, ఒక షడ్భుజి.]

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. ఆరు సమబాహు త్రిభుజాల్ని షడ్భుజి మీద నిలబెడదాం. టేపు వేస్తున్నా... లేవడం లేదు! శిఖరం దగ్గర ఆరు అరవైలు 360. అంటే నిండు వృత్తం, చదునుగా పడుకుండిపోయింది. పైకి లేవాలంటే శిఖరం దగ్గర 360 కంటే తగ్గాలి. త్రిభుజాల్ని సన్నగా, పొడుగ్గా కత్తిరిస్తే లేస్తుంది.

మరి ఎంత తగ్గాలి? సమబాహు త్రిభుజాలున్న చతురస్ర పిరమిడ్‌నే తీసుకోండి. శిఖరం దగ్గర నాలుగు అరవైలు 240, అంటే 360కి లోటు 120. కింద ఒక్కో మూలలో 90, 60, 60 కలిపి 210, లోటు 150. అలాంటివి నాలుగు, అంటే 600. మొత్తం లోటు 720.

[తెర మీద: సమబాహు త్రిభుజాలున్న పంచభుజి పిరమిడ్. శిఖరం దగ్గర లోటు 60. కింద ఒక్కో మూలలో 108, 60, 60 కలిపి 228, లోటు 132. 132 × 5 = 660.]

పంచభుజి పిరమిడ్‌కీ అదే 720! పిరమిడ్‌ని సాగదీయండి, పక్కకి వాల్చండి, ఒక మూలలో తగ్గిన లోటు ఇంకో మూలలో కలుస్తుంది తప్ప మొత్తం మారదు. దీన్ని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ కనిపెట్టాడు. ఆయన రాతప్రతి పోయినా, 1676లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ రాసుకున్న నకలు వల్ల మనకు మిగిలింది.

పిరమిడ్లకే కాదు, ఇంట్లో ఉన్న ఏ అట్టపెట్టెనైనా తీసుకోండి. మూలకు మూడు లంబకోణాలు, లోటు 90. ఎనిమిది మూలలకీ కలిపి చూసుకోండి.