రోస్‌వెల్‌లో పడింది ఏమిటి? ప్రభుత్వ విచారణలు ఏం తేల్చాయి?

[తెరపై: 1947 జులై నాటి రోస్‌వెల్ పత్రిక మొదటి పేజీ]

ఎగిరే పళ్లెం దొరికిందని చెప్పింది అమెరికా సైన్యమే. 1947 జులై 8న న్యూమెక్సికోలోని రోస్‌వెల్ వైమానిక స్థావరం పత్రికలకు ప్రకటన ఇచ్చింది. కొన్ని గంటలు తిరక్కుండానే టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పై అధికారి జనరల్ రేమీ మాట మార్చాడు: అది వాతావరణ బెలూన్ అన్నాడు. అది గ్రహాంతరవాసుల వాహనమని, వాళ్ల మృతదేహాలు కూడా దొరికాయని తర్వాత కథలు పుట్టాయి.

కథలు పక్కనపెట్టి ముందు వస్తువులు చూద్దాం. వాటిని చూసిన పశువుల క్షేత్రం నిర్వాహకుడు మాక్ బ్రేజిల్ చెప్పిన వివరం మర్నాడే పత్రికలో వచ్చింది. రబ్బరు ముక్కలు, వెండిరంగు రేకు, గట్టి కాగితం, పుల్లలు, పూల బొమ్మలున్న టేపు. అన్నీ మూటగడితే 5 పౌండ్లు, అంటే రెండుంపావు కిలోలు. ఇంజన్‌కు పనికొచ్చే లోహపు ముక్క ఒక్కటీ లేదు.

[తెరపై: రాడార్ రిఫ్లెక్టర్ బొమ్మ, మూడు పలకలు కలిసే మూల పెద్దదిగా]

బెలూన్‌కు రేకు ఎందుకు? రబ్బరు రాడార్‌కు కనబడదు. అందుకే కింద రిఫ్లెక్టర్ వేలాడదీసేవారు. బాల్సా పుల్లల చట్రానికి రేకు అతికించిన కాగితాన్ని, మూడు పలకలు ఒకదానికొకటి లంబంగా ఉండేలా బిగిస్తారు. ఆ మూలలో పడిన రాడార్ తరంగం మూడు గోడలకూ తగిలి, వచ్చిన దారినే తిరిగిపోతుంది.

ఒక్క వాతావరణ బెలూన్‌కు అంత చెత్త రాదు కదా అని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. జవాబు 1994లో వచ్చింది. న్యూమెక్సికో కాంగ్రెస్ సభ్యుడు స్టీవెన్ షిఫ్ పట్టుబట్టడంతో ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ రికార్డుల వేట మొదలుపెట్టింది. ఆ వేట సాగుతుండగానే వైమానిక దళం తన నివేదికలో ప్రాజెక్ట్ మోగుల్ పేరు బయటపెట్టింది. సోవియట్ అణుపరీక్షల శబ్దాన్ని వేల మైళ్ల దూరం నుంచి పసిగట్టడం దాని పని. పై వాతావరణంలో ఒక పొర శబ్దాన్ని కాలువలో నీళ్లలా చెదరకుండా మోసుకెళ్తుందని శాస్త్రవేత్తల అంచనా. మైక్రోఫోన్‌ను ఆ ఎత్తులోనే నిలపాలి. రబ్బరు బెలూన్ మాత్రం పైకి పోతూపోతూ పగిలిపోతుంది. అందుకే ఇరవైకి పైగా నియోప్రీన్ బెలూన్లను 600 అడుగులకు మించిన తాడుకు వరసగా కట్టి, ఎత్తు తగ్గితే వదలడానికి బరువులు జోడించారు. ఈ వరస కూలితే చెత్త చాలా మేర పరుచుకుంటుంది. ఎండకు నియోప్రీన్ నల్లబడి పెళుసెక్కుతుంది. సామాన్లలో రహస్యమేమీ లేదు, వాటితో చేసే పనే రహస్యం.

(మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం పొలాల్లో ఒక వింత గోళం దిగిందని జనం గుమిగూడారు. అది హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి బెలూన్‌తో ఎగిరిన ప్రయోగాత్మక కేప్సూల్.)

[తెరపై: చేతిరాత డైరీ పేజీ]

మోగుల్ వివరణలో ఒక అతుకు బలహీనం. మోగుల్ బృందం 1947 జూన్ 4న న్యూమెక్సికోలోనే ఉన్న అలమొగోర్డో నుంచి వదిలిన నాలుగో ఫ్లైటే బ్రేజిల్ చూసిన చోట పడిందంటారు. అధికారిక పట్టికలో ఆ ఫ్లైట్ లేదు. బృందంలోని ఆల్బర్ట్ క్రేరీ డైరీలో ఆ రోజు కింద రెండు మాటలున్నాయి: మబ్బుల వల్ల ఫ్లైట్ లేదని ఒకటి, బెలూన్ల గుత్తితో మైక్రోఫోన్ ఎగరేశామని ఇంకొకటి. సామగ్రి పోలిక గట్టిది. ఫలానా ఫ్లైటే అనడం అంత గట్టిది కాదు.

జీఏఓ 1995 జులైలో తేల్చిందేమిటంటే, స్థావరం 1945 మార్చి నుంచి 1949 డిసెంబర్ వరకు పాలనా రికార్డులు నాశనమయ్యాయి. ఎవరి అనుమతితో అన్నది కాగితం మీద లేదు. రోస్‌వెల్ ఘటన గురించి దొరికిన 1947 నాటి పత్రాలు రెండే. ఒకటి స్థావరంలోని 509వ దళం నెలవారీ చరిత్ర, రెండోది డల్లాస్ ఎఫ్‌బీఐ సందేశం. ఆరు భుజాల వస్తువు, పైన 20 అడుగుల వ్యాసమున్న బెలూన్ అని ఆ సందేశంలో ఉంది. మృతదేహాల ఊసు రెండింటిలోనూ లేదు.

వైమానిక దళం 1997 నివేదిక ఆ మృతదేహాల కథలను 1950లలో బెలూన్ల నుంచి జారవిడిచిన మనిషి ఆకారపు డమ్మీలుగా వివరించింది. ఏడేళ్ల తర్వాతి డమ్మీలు 1947 జ్ఞాపకంలోకి ఎలా వచ్చాయంటే, సాక్షులు కాలాలు కలగలిపారని జవాబు. నాకిది నచ్చలేదు. దేహాల మాటలు 1978 తర్వాతే బయటికొచ్చాయి. ఆ కథలను నమ్మకపోవడానికి ఆ తేదీయే గట్టి ఆధారం.

[తెరపై: ఫోర్ట్‌వర్త్ ఫోటో, రేమీ చేతిలోని కాగితం పెద్దదిగా]

ఫోర్ట్‌వర్త్‌లో ఆ రోజు తీసిన ఫోటోలు టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆర్లింగ్టన్ గ్రంథాలయంలో ఉన్నాయి. నేలమీది పుల్లలు, రేకు వెనక కాగితం అందులో తేటగా కనిపిస్తాయి. రేమీ చేతిలోని కాగితం మీది అక్షరాలను మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతున్నారు.