ఫిట్స్ ఆగకపోతే నాడీకణంలో ఏం జరుగుతుంది?

శ్రోతలకు నమస్కారం. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే అది అత్యవసరం. ఐదు నిమిషాలకే అంత కంగారు దేనికో తెలియాలంటే నాడీకణం పైపొరను దగ్గరగా చూడాలి.

ఆ పొర మీద రసాయన సందేశాలను అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. గ్లూటమేట్ అనే రసాయనం వచ్చి తన రిసెప్టర్‌ను తాకితే కణం రెచ్చిపోతుంది. గాబా తాకితే శాంతిస్తుంది. ఫిట్స్ ఆపడానికి ఇచ్చే లోరాజెపామ్, మిడజోలామ్ మందులు పనిచేసేది గాబా రిసెప్టర్ మీదే. ఫిట్స్ సాగేకొద్దీ కణం ఈ గాబా రిసెప్టర్లను పొర మీది నుంచి లోపలికి లాగేసుకుంటుంది. గ్లూటమేట్‌కు స్పందించే ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్లేమో పైకి వచ్చి చేరతాయి. మొదట్లో పనిచేసే మోతాదే అరగంట తర్వాత సరిగా పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే మొండి ఫిట్స్‌కు ఐసీయూలో ఎన్‌ఎమ్‌డీఏను అడ్డుకునే కెటమిన్ అనే మత్తుమందు కూడా వాడతారు.

ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్‌లోని దారి తెరుచుకుంటే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కణంలోని ప్రొటీన్లను కోసే ఎంజైములు మేలుకుంటాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కు ఈ నష్టం ఎక్కువ.

అయితే మెదడు చేతులు ముడుచుకుని కూర్చోదు. విపరీతంగా పనిచేసిన కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ ఖర్చైపోయి అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంది. అది ఏ1 అనే తన రిసెప్టర్‌ను పట్టుకుని గ్లూటమేట్ విడుదలను తగ్గిస్తుంది, అవతలి కణం నుంచి పొటాషియం బయటికి పోనిచ్చి దాన్ని చల్లబరుస్తుంది. అలసటలోంచే పుట్టిన ఈ రక్షణ నిజంగా అద్భుతం! ఏ1 రిసెప్టర్ లేకుండా పెంచిన ఎలుకల్లో ఫిట్స్ మరింత తీవ్రమయ్యాయి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ మోతాదు మించితే లొంగని ఫిట్స్ రావడానికీ ఈ రిసెప్టర్ మూసుకుపోవడం ఒక కారణం. గంజాయిలోని రసాయనానికి స్పందించే సీబీ1 రిసెప్టర్లూ ఇలాంటి పనే చేస్తాయని 2003లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో తేలింది.

మరి ఏ1ను ప్రేరేపించే మాత్ర ఎందుకు లేదు? అదే రిసెప్టర్ గుండెలోనూ ఉంది. అక్కడ అది గుండె వేగాన్ని ప్రమాదకరంగా తగ్గించగలదు. మెదడుకు మాత్రమే చేరే దారి కోసం పరిశోధన సాగుతోంది.

ఈలోగా మన చేతిలో ఉన్నది గడియారం. ఫిట్స్ మొదలవగానే టైము చూడండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, కాళ్లూ చేతులూ గట్టిగా అదిమిపట్టకండి. డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసిచ్చి ఉంటే చెప్పిన సమయానికే వాడండి. ఐదు నిమిషాలకు అంబులెన్స్‌ను పిలవండి. వచ్చినవారికి ఎన్ని గంటలకు మొదలైందో, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో చెప్పండి.