మెయ్యరా, మ్యోనా? ఫ్రెంచ్‌లో ‘బాగుంది’తో వచ్చే చిక్కు

నమస్కారం అండి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు, ఫ్రాన్స్‌లో ఎమ్మెస్ చేద్దామని నేర్చుకుంటున్నవాళ్లు తడబడే ఒక జంట ఉంది. మెయ్యర్, మ్యో. రెండింటికీ ఇంగ్లీష్‌లో ‘బెటర్’ అనే చెప్తారు. మన టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

ఒక్కసారి ఇంగ్లీష్‌ని పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి. “మంచి పాట” అంటాం, “బాగా పాడింది” అంటాం. “బాగా పాట” అని చిన్నపిల్లలు కూడా అనరు. తెలంగాణలో “మంచిగ పాడింది” అంటారు, అక్కడ కూడా ఆ ‘గ’ పడాల్సిందే. ఫ్రెంచ్‌లో మంచి అంటే బోఁ, బాగా అంటే బ్యాఁ. ‘ఇంకా మంచి’ అనాలంటే మెయ్యర్, ‘ఇంకా బాగా’ అనాలంటే మ్యో. అంతేగానీ ‘ఇంకా’ అనే అర్థమిచ్చే ‘ప్లూ’ తగిలించి ‘ప్లూ బోఁ’, ‘ప్లూ బ్యాఁ’ అనకండి. “ఎల్ షాఁత్ మ్యో క మ్వా” అంటే ఆమె నాకంటే బాగా పాడుతుంది. పాడటం ఎలా ఉందో చెప్తున్నాం కాబట్టి మ్యో.

రాసేటప్పుడు మెయ్యర్ స్త్రీలింగానికీ బహువచనానికీ మారుతుంది. పలకడం మాత్రం ఒకటే, అందుకే చెవికి అందదు, పరీక్షలో మార్కు పోతుంది. మ్యో ఎప్పుడూ మారదు.

ఇక అసలు చిక్కు. మనం కాఫీ తాగి “బాగుంది” అంటాం, ఎవరైనా ఐడియా చెప్తే దానికీ “బాగుంది” అంటాం. ఇక్కడ తెలుగు మనకు దారి చూపించదు. ఫ్రెంచ్‌వాళ్లు నాలుకకు నచ్చితే “సె బోఁ” అంటారు, పరిస్థితి నచ్చితే “సె బ్యాఁ” అంటారు. పోల్చేటప్పుడూ అదే లెక్క. కాఫీలో కాస్త చక్కెర కలిపి మళ్లీ తాగారనుకోండి, “సె మెయ్యర్”. గదిలో బల్లని కిటికీ పక్కకి జరిపి చూశారనుకోండి, “సె మ్యో కొమ్ సా”, ఇలా అయితే ఇంకా బాగుంది అని. నాకు ఈ భాషలో బాగా నచ్చిన తేడా ఇదే. రుచికి ఒక మాట, అమరికకు ఇంకో మాట.

ఇంకొక్కటి, ఇది మాత్రం బట్టీ పట్టేయండి. జ్వరం తగ్గాక ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే “జ వే మ్యో” అనాలి. “జ సుయి మెయ్యర్” అంటే “నేనే మెరుగైనవాణ్ణి” అన్నట్టు అవుతుంది, మీ జ్వరం సంగతి వాళ్లకి చేరదు.